పేడ అలికిన కోర్టు

మొన్న మా అమ్మాయి బడి నుంచి మోకాలు చెక్కుకుని వచ్చిందండీ. ఆడుకునే సిమెంటు కోర్టు పెచ్చులూడి, ఇసుక తేలి, కాలు జారిందట. పసుపు అద్దుతుంటే, "మీ రోజుల్లో ఎక్కడ ఆడేవారమ్మా?" అని అడిగింది. నాకు ఒక్కసారిగా పేడవాసన గుర్తొచ్చింది.

మా బండారులంకది గోదారి ఒండ్రునేల. వానొస్తే కాలికి అంటుకుంటుంది, ఎండొస్తే బీటలిస్తుంది. అందుకే తెల్లారేసరికి వాకిట్లో కళ్లాపి పడాలి. నేతవాళ్ల ఊరు కదా, వీధిలో పడుగులు చాచి గంజి పెట్టేచోట దుమ్ము లేవకూడదు మరి.

మా చిన్నప్పుడు బాల్ బ్యాడ్మింటన్ కోర్టుకీ అదే వైద్యం. ఈ ఆట మన దక్షిణాదిదే. 1856 ప్రాంతంలో తంజావూరు రాజకుటుంబం వాళ్లు ఆడేవారని చెబుతారు. 24 మీటర్ల పొడవు, 12 మీటర్ల వెడల్పు, జట్టుకి ఐదుగురు. పసుపు ఉన్నిబంతి ఈకల షటిల్‌లా గాలికి కొట్టుకుపోదు కాబట్టి ఆరుబయటే ఆట. బంతి నేలకి తగిలిందంటే పాయింటు పోయినట్టే. అంటే నేల బాగుండాల్సింది బంతి కోసం కాదు, పరిగెత్తే కాళ్ల కోసం.

ముందు గుంటలు పూడ్చి, నీళ్లు చల్లి, సగం ఆరాక రోలరు లాగాలి. తడి ఎక్కువైతే మట్టి రోలరుకి అంటుకుని లేచొస్తుంది, మరీ ఆరితే అణగదు. ఆ మీదట పల్చగా పేడనీళ్లతో అలకాలి. పేడలోని గడ్డిపీచు మట్టిని పట్టి ఉంచుతుంది. చివర సున్నంతో గీతలు.

శనివారం అలికేది ఆడపిల్లలం, సోమవారం ఆడేది మగపిల్లలు. "ఆరాక మీరూ ఆడుదురుగాని" అనేవారు. ఆరేసరికి ఇంటిగంట కొట్టేసేవారు.

ఈ అలుకుడు మన పల్లెలకే పరిమితం కాదండోయ్. హైదరాబాదులో సానియా మీర్జా చిన్నప్పుడు టెన్నిస్ నేర్చుకున్నది పేడ అలికిన కోర్టుల మీదే. ఆ అమ్మాయే 2015లో వింబుల్డన్ పచ్చిక మీద మార్టినా హింగిస్‌తో కలిసి డబుల్స్ గెలిచింది. ఫ్రాన్సులో కూడా 1880లో కేన్స్ అనే ఊళ్లో ఎండకి గడ్డి మాడిపోతుంటే, రెన్షా అన్నదమ్ములు పగిలిన మట్టికుండల పొడి తెప్పించి కోర్టు మీద చల్లించారట. ఎర్రమట్టి కోర్టుల కథ అక్కడ మొదలైందంటారు. మన పెంకుల విలువ వాళ్లకీ తెలిసిందన్నమాట!

ఇప్పుడు సిమెంటు మీద ఆక్రిలిక్ రంగుపూతలు వచ్చాయి. రోజూ అలకక్కర్లేదు గానీ కొన్నేళ్లకోసారి మళ్లీ పూత వెయ్యాల్సిందే. అదీ ముందు బీటలు పూడ్చి, నీరు నిలిచే పల్లాలు సరిచేశాకే. గోడ నెర్ర పూడ్చకుండా సున్నం కొడితే ఏమవుతుందో మనకి తెలీదా? ఇదీ అంతే.

వచ్చేవారం బడిలో తల్లిదండ్రుల మీటింగుంది. కోర్టు బాగు చేయించమని అడుగుదామనుకుంటున్నాను. దాంతోపాటు ఇంకో మాట కూడా అడగాలి. బాగయ్యాక వారంలో ఏయే రోజులు ఆడపిల్లలవో ముందే రాసి గోడకి అంటించమని. "ఆరాక ఆడుదురుగాని" అన్న మాట నేను విన్నది చాలు, మా అమ్మాయి వినక్కర్లేదు.