పేట బస్సు - మన హక్కులు

1993 మార్చి 8. హైదరాబాద్ నుంచి చిలకలూరిపేట వస్తున్న ఆర్టీసీ బస్సులో ఇద్దరు దళిత యువకులు పెట్రోలు పోసి నిప్పంటించారు. దోపిడీ చేయాలని ఎక్కారు. ఇరవై ముగ్గురు ప్రయాణికులు కాలిపోయారు. గుంటూరు జిల్లాలో ఆ వార్త వినని ఇల్లు లేదు. మా ఇంట్లో అమ్మీ రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. బస్సెక్కి పేటకు పోయే బంధువులు మాకూ ఉన్నారు.

ఆ కేసు త్వరగానే నడిచింది. 1995లో గుంటూరు సెషన్సు కోర్టు ఇద్దరికీ ఉరిశిక్ష వేసింది. హైకోర్టు ఖాయం చేసింది. 1996 ఆగస్టులో సుప్రీంకోర్టు కూడా సరే అంది. క్షమాభిక్ష అర్జీని రాష్ట్రపతి తోసిపుచ్చారు. 1997 మార్చి 29న ఉరి తీయాలని నిర్ణయించారు.

అప్పుడు నేను గుంటూరులో ఇంటర్ చదువుతున్నాను. మా అబ్బా మిర్చియార్డులో గుమాస్తా. ఒకరోజు కాలేజీ గేటు దగ్గర ఒక సీనియర్ కాగితం పట్టుకుని నిలబడ్డాడు. ఉరి ఆపమని రాష్ట్రపతికి అర్జీ. అందరి దగ్గరా సంతకాలు అడుగుతున్నాడు. నన్నూ అడిగాడు. నేను పెట్టలేదు. ‘ఇరవై ముగ్గురిని కాల్చినవాళ్ళకి నా సంతకమా?’ అన్నాను. ఇంటికొచ్చి గొప్పగా చెప్పుకున్నాను. అబ్బా తలూపారు. ‘వాళ్ళ గొడవ మనకెందుకు బేటా’ అన్నారు. ఆ రోజు నేను చేసింది తప్పని నాకు తెలియడానికి పదేళ్ళు పట్టింది. ఎందుకు తప్పో చెప్పడానికే ఈ వ్యాసం.

ఆ కాగితం పట్టుకున్నవాళ్ళు చనిపోయినవాళ్ళని మరచిపోలేదు. నేరం జరగలేదనీ అనలేదు. వాళ్ళడిగింది ఒక్కటే: ఈ దేశంలో ఉరికొయ్య దాకా పోయేది ఎవరు? ఈ ప్రశ్నకు జవాబు మన జిల్లాలోనే ఉంది. పేట బస్సుకు రెండేళ్ళ ముందు, 1991 ఆగస్టు 6న, చుండూరులో అగ్రకులాల వాళ్ళు ఎనిమిది మంది దళితులను చంపి గోతాల్లో కుక్కి కాలవలో పారేశారు. ఆ కేసులో మొదటి తీర్పు రావడానికి పదహారేళ్ళు పట్టింది. బాధితులు పోరాడితే చుండూరులోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. 2007 జులై 31న ఆ కోర్టు ఇరవై ఒక్క మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. పక్క జిల్లాలో 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు దళితులను చంపారు. సుప్రీంకోర్టు చివరి మాట చెప్పేసరికి 2008 డిసెంబరు అయింది.

దళితుడు హంతకుడైతే ఉరి తేదీ దాకా నాలుగేళ్ళు. దళితుడు హతుడైతే పదహారేళ్ళు, ఇరవై మూడేళ్ళు. ఈ లెక్క చూసి కూడా ‘చట్టం ముందు అందరూ సమానమే’ అనగలమా? పౌరహక్కుల వాళ్ళు చుండూరు హంతకులకు శిక్ష పడాలన్నారు. అదే నోటితో పేట కుర్రాళ్ళను ఉరి తీయొద్దన్నారు. ఇందులో వైరుధ్యం లేదు. శిక్ష పడాలనడం వేరు, ప్రాణం తీసే అధికారం రాజ్యానికి ఇవ్వడం వేరు.

ఈ మాట వాళ్ళకు కొత్త కాదు. 1974లో ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం పుట్టినప్పుడు దానికి తొలి అధ్యక్షుడు శ్రీశ్రీ. భూమయ్య, కిష్టాగౌడ్‌ల ఉరి ఆపడానికి న్యాయవాది కె.జి. కన్నబిరాన్, మరెందరో కోర్టుల చుట్టూ తిరిగారు. ఎమర్జెన్సీ నడుస్తుండగా 1975 డిసెంబరు 1న ముషీరాబాద్ జైల్లో వాళ్ళిద్దరినీ ఉరి తీశారు. ఆ ఓటమి 1997లో పాఠంగా పనికొచ్చింది. పేట కుర్రాళ్ళ విషయంలో గడువుకు కొద్ది గంటల ముందు సుప్రీంకోర్టు ఉరి ఆపింది. 1998లో కె.ఆర్. నారాయణన్ రాష్ట్రపతిగా ఉండగా అది యావజ్జీవంగా మారింది. నేను సంతకం పెట్టని కాగితం గెలిచింది.

ఆ పని చేసినవాళ్ళు ఎంత మూల్యం చెల్లించారో మన మొహల్లాల్లో చాలామందికి తెలియదు. 1985 సెప్టెంబరు 3న వరంగల్‌లో పిల్లల డాక్టరు రామనాథాన్ని ఆయన క్లినిక్‌లోనే కాల్చి చంపారు. బాలగోపాల్‌ను టాడా కింద జైల్లో పెట్టారు. 2000 నవంబరులో హైదరాబాద్‌లో న్యాయవాది పురుషోత్తంను నరికారు. మూడు నెలలు తిరక్కుండా, 2001 ఫిబ్రవరి 18న, నల్లగొండలో ఆ సంఘం నాయకుడు అజం అలీని చంపారు. అజం అలీ మనవాడు. కానీ ఆయన చచ్చిపోయింది ‘మనవాళ్ళ’ కోసమే కాదు. ఎన్‌కౌంటర్ పేరుతో ఎవరిని చంపినా అది హత్యేనా కాదా అని అడిగినందుకు. మన ఖౌమ్ పెద్దల జాబితాల్లో ఆయన పేరు ఎన్నిసార్లు విన్నాం?

ఇక 2007. అప్పటికి నేను హైదరాబాద్‌లో ఒక ఉర్దూ పత్రికలో పని చేస్తున్నాను. మే 18, జుమ్మా నమాజు వేళ మక్కా మసీదులో బాంబు పేలింది. తొమ్మిది మంది పోయారు. ఆ వెంటనే పోలీసు కాల్పుల్లో ఇంకో ఐదుగురు. చచ్చింది మనవాళ్ళు, పట్టుకుపోయిందీ మనవాళ్ళనే. పాతబస్తీ కుర్రాళ్ళను తీసుకుపోయి ఎక్కడో పెట్టి కరెంటు షాకులిచ్చారు. మైనారిటీస్ కమిషన్ తరఫున న్యాయవాది రవిచందర్ జైలుకు వెళ్ళి వాళ్ళను చూసి, హింస జరిగిందని నివేదిక ఇచ్చారు. కుర్రాళ్ళు నిర్దోషులుగా బయటికొచ్చారు. ప్రభుత్వం నష్టపరిహారం ఇచ్చింది. 2013లో హైకోర్టు ఆ పరిహారం చెల్లదంది. తర్వాత అసలు కేసులో నిందితులైన ఐదుగురినీ 2018 ఏప్రిల్ 16న ఎన్ఐఏ కోర్టు విడిచిపెట్టింది. పద్నాలుగు ప్రాణాలకు ఇన్సాఫ్ ఎక్కడుందో ఎవరూ చెప్పరు.

ఆ రోజుల్లో మనవైపు నోరు తెరిచి మాట్లాడినవాళ్ళెవరు? ఓట్లడిగే పార్టీలు కాదు. మసీదు కమిటీలు భయపడ్డాయి. తల్లులతో కూర్చుని పేర్లు రాసుకున్నది పౌరహక్కుల వాళ్ళే. వాళ్ళలో నెరిసిన గడ్డంతో ఒక మనిషిని గుర్తుపట్టాను. గుంటూరు కాలేజీ గేటు దగ్గర కాగితం పట్టుకున్న సీనియర్. నన్ను గుర్తుపట్టలేదు. అది నాకు మేలే అయింది. రాత్రి ఫోన్లో అబ్బాకు చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, ‘ఆ కాగితం మీద సంతకం పెట్టకుండా ఉండాల్సింది కాదు’ అన్నారు.

టాడా వచ్చినప్పుడు పంజాబ్ కోసమన్నారు. తెలంగాణ పల్లెల్లో కుర్రాళ్ళ మీద వాడారు, గుజరాత్‌లో, ముంబైలో ముస్లింల మీద వాడారు. టాడా పోయి పోటా, పోటా పోయాక పదును పెట్టిన ఉపా. ముందు ఎవరికీ ఇష్టం లేనివాడి మీద ప్రయోగిస్తారు. మనం ఊరుకుంటాం. అలవాటయ్యాక మన గడప దాటుతుంది.

ఇది ముస్లింలకో దళితులకో సంబంధించిన సంగతి మాత్రమే అనుకునేవాళ్ళకు ఇటీవలి ముచ్చట ఒకటి. 2022 డిసెంబరు 28న కందుకూరులో, 2023 జనవరి 1న గుంటూరులో సభల్లో తొక్కిసలాట జరిగి జనం చనిపోయారు. దాన్ని సాకుగా తీసుకుని జనవరి 2న రాష్ట్ర ప్రభుత్వం జీఓ నంబరు 1 తెచ్చింది. రోడ్ల మీద సభలకు అడ్డుకట్ట. దేని కింద? 1861 పోలీసు చట్టం కింద. 1857లో మన తాతలు తిరగబడిన నాలుగేళ్ళకు తెల్లవాడు రాసుకున్న చట్టమది! 2023 మే 12న అమరావతిలోని హైకోర్టు ఆ జీఓను కొట్టివేసింది. ఈసారి ఆ చట్టం తగిలింది ప్రతిపక్ష పార్టీల పెద్దలకు. వాళ్ళు అధికారంలో ఉన్న రోజుల్లోనూ ఇదే సెక్షన్ పేదవాళ్ళ ఊరేగింపుల మీద ఉండేది. అప్పుడు వాళ్ళకు గుర్తుకు రాలేదు.

దూదేకుల ఇంట పుట్టినా, మాల మాదిగ పల్లెలో పుట్టినా, కమ్మవారి మేడలో పుట్టినా 21వ అధికరణం ఒక్కటే. మంచివాడికి మాత్రమే ఇచ్చేదైతే దాన్ని హక్కు అనరు, దయ అంటారు. ముస్లింలుగా మన హక్కు అడిగేముందు, మనకు నచ్చని మనిషి హక్కు కోసం ఎన్నిసార్లు నిలబడ్డామో లెక్క చూసుకుందాం. మనవాళ్ళని పట్టుకుపోయినప్పుడు ఇతరులు రాలేదని ఏడ్చే అర్హత ఆ లెక్కలోంచే వస్తుంది. నా లెక్క 1997లో ఒక సంతకం తక్కువ. ఇప్పుడు ఎవరు ఏ కాగితం పట్టుకొచ్చినా ముందు చదువుతున్నాను. ఎవడి కోసమని అడగడం మానేశాను.