దాఁగిన తీగె, దాఁగని తరంగము
1939లో యుద్ధ మారంభము కాఁగానే, భారతదేశమందలి ఔత్సాహిక రేడియో ప్రసారకులెల్లరును తమ ప్రేషకయంత్రములను పోలీసువారి కప్పగింపవలసినదని ప్రభుత్వ మాజ్ఞాపించెను. అయినను నరిమన్ ప్రింటర్ అను బొంబాయి ఔత్సాహికుని సాంకేతిక సాహాయ్యముతో 1942లో స్వాతంత్ర్యోద్యమకారిణి ఉషా మెహతా ప్రభృతులు రహస్యముగాఁ గాంగ్రెసు రేడియోను నెలకొల్పిరి. ఆ రేడియో వాడిన 42.34 మీటర్ల తరంగమునకు అర్ధతరంగ యాంటెన్నా అమర్పవలెనన్న ఇంచుమించు 21 మీటర్ల తీగె సాగవలెను. బొంబాయిలోని ఇరుకైన గిర్గాం మేడలలో అంతటి దానిని పొరుగువారి కన్నులఁబడకుండ నుంచుట సామాన్యమా? తీగెను మడవవచ్చును, గదిలోపలనే గోడవెంబడిఁ బఱపవచ్చును. ప్రసారబలము కొంత తఱుగును, అంతియే. కాని వెలువడిన తరంగమును దిశాన్వేషక వాహనములనుండి మఱుఁగుపఱచు నుపాయము మాత్రము లేదు గదా! అందుచేతనే వారు మాటిమాటికిఁ దావులు మార్చుచు, నవంబరు 12న పోలీసులు తలుపులు పగులఁగొట్టి లోనఁ బ్రవేశించు వఱకును ప్రసారము సాగించిరి.