రాతి మీది మచ్చలు

హైదరాబాదు పాతబస్తీకి దక్షిణాన చాంద్రాయణగుట్ట వుంది. పేరులోనే గుట్ట వుంది గదా! అటువైపు మిగిలిన బండలమీద సున్నం చిందినట్టు బూడిదరంగు మచ్చలుంటాయి. అవి ప్రాణమున్నవే. శాస్త్రజ్ఞులు లైకెన్లంటారు. మసాలాలో వేసే రాతిపువ్వు యీ జాతిదే.

1867లో స్విట్జర్లాండు శాస్త్రజ్ఞుడు ష్వెండెనర్, ఇది ఒక్క మొక్క కాదు, బూజూ నాచూ కలిసి చేసే కాపురమని చెప్పాడు. పెద్ద పండితులు ఎగతాళి చేశారు. తుదకు ఆయన మాటే నిలిచింది. నాచు ఎండతో ఆహారం తయారుచేస్తుంది. బూజు తడిని పట్టి వుంచుతుంది. దాని పోగులు రాతి సందుల్లో దూరి, తడిసి ఉబ్బి, ఎండి ముడుచుకొని, పులుసు వదలి రాతిని గుల్ల చేస్తాయి. ఆ పొడిలో దుమ్ము చేరి పాచి, ఆపైన గడ్డి మొలుస్తాయి. మన యెర్రచలక నేలలు గ్రానైటు రాయి అరిగి యేర్పడినవే. అందులో ఎండావానలదే పెద్ద పాలనుకోండి; యీ మచ్చలదీ కొంత వుంది.

ఈ బండల వయస్సు సుమారు 250 కోట్ల యేళ్లు. మచ్చల్లో కొన్ని యేడాదికి మిల్లీమీటరైనా పెరగవు. తూటా పెట్టి పేలిస్తే రెండూ ఒక్క పూటలో పోతాయి. పొగకూ ఇవి ఓర్వవు. పారిసు నగరంలో నైలాండర్ 1866లోనే దీన్ని గుర్తించాడు.

మీ పొలంగట్టు బండమీద చెంబెడు నీళ్లు పోసి చూడండి. బూడిద మచ్చ చాలాచోట్ల పచ్చబడుతుంది.