దండారి బడిలోకి వచ్చిన దారి

1940లో జోడేఘాట్‌లో కుమురం భీం నేలకొరిగిన తరువాత, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం హైమండార్ఫ్ అనే మానవశాస్త్రవేత్తను మన కొండలకు పంపింది. ఆయన, భార్య బెట్టి ఎలిజబెత్ మర్లవాయిలో మనవాళ్ళ మధ్యనే ఉన్నారు. 1943లో ఆ ఊళ్ళోనే గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది. దేవనాగరి అక్షరాల్లో గోండి వాచకాలు తయారయ్యాయి. మన పిల్లలకు మనవాళ్ళే, మన మాటలోనే చదువు చెప్పారు. ఈ సంగతి సభల్లో చాలాసార్లు చెప్పుకున్నాం. అదే మర్లవాయి ఇంకొక గురువును కూడా ఇచ్చింది. ఆయన చేతిలో వాచకం ఉండేది కాదు. ఆయనే గుస్సాడి కనకరాజు.

1980ల మొదట్లో ఢిల్లీ గణతంత్ర వేడుకల్లో గుస్సాడి ఆడించిన మనిషి ఆయన. 2021లో పద్మశ్రీ వచ్చింది. పత్రికలు అవార్డు గురించే రాశాయి. మాకు అంతకన్నా పెద్దగా కనిపించేది ఆయన యువకులకు, పిల్లలకు ఏళ్ళ తరబడి అడుగులు నేర్పడం.

అసలు దండారిని ఒకరు నేర్పాల్సి రావడమే కొత్త. మన పెద్దలకు ఎవరూ నేర్పలేదు. దండారి బృందం ఊరు దాటి వియ్యాలవారి ఊరికి పోతుంటే పిల్లలు వెనకాల నడిచేవాళ్ళు. రాత్రంతా గుమేల, పర్ర, తుడుం, పెప్రె వింటూ అక్కడే నిద్రపోయేవాళ్ళు. మూడు నాలుగేళ్ళు అలా తిరిగితే దరువు కాళ్ళలోకి వచ్చేసేది. ఇప్పుడు పిల్లలు ఆశ్రమ పాఠశాలల్లో ఉన్నారు. దసరా సెలవులు ఇచ్చి, పండుగ కాగానే వెనక్కి పిలుస్తారు. దండారి మొదలయ్యేది ఆ తరువాత వచ్చే పున్నమి నుంచి. దీపావళి అమావాస్య దాకా నడుస్తుంది. అంటే మన ఊళ్ళో డప్పు మోగే రోజుల్లో మన పిల్లలు సరిగ్గా తరగతి గదిలో ఉంటారు. దీపావళికి దొరికే ఒకటి రెండు రోజుల్లో గుడిరేవు పద్మల్‌పురి కాకో దగ్గరికి పోయి రావడానికే సరిపోదు. చదువు కావాలి, అందులో మాకు అనుమానం లేదు. ఆ చదువుల క్యాలెండర్ వేసినవాళ్ళకు మాత్రం మన పున్నమి తెలియదు.

అందుకే కళాకారుణ్ణి బడికి పిలవాల్సి వచ్చింది. మేం పనిచేసే పాఠశాలకు ఒక ఏడాది పక్క మండలం నుంచి ఒక ప్రధాన్ పెద్దాయన వచ్చారు. ప్రధానులు తరతరాలుగా కింగ్రి మీద గోండుల కథలు పాడేవాళ్ళు. హైమండార్ఫ్ 1948లో అచ్చువేసిన పుస్తకంలో ఉన్న పురాణాలు వాళ్ళ నోటివే. ఈ పెద్దాయనకు పెప్రె, డప్పు రెండూ వచ్చు. పాఠశాల కార్యక్రమానికి దండారి చేయించాలి, వేదిక మీద ఎనిమిది నిమిషాలు. రెండు వారాలు సాయంత్రం ఆటల పీరియడ్ ఆయనకు ఇచ్చాం.

మొదటి రోజు ఆయన డప్పు ముట్టనివ్వలేదు. ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, "నీది ఏ సగ? మీకు దేవుళ్ళు ఎందరు?" అని అడిగారు. నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవుళ్ళ సగలు అని గోండు పిల్లవాడికి తెలిసి ఉండాలి. ఎనిమిదో తరగతిలో సగం మందికి ఇంటిపేరు తెలుసు, సగ తెలియదు. హాస్టల్ ఫోన్‌లో ఇంటికి అడిగి చెప్పారు. తెలిశాక వరండాను రెండు ఊళ్ళు చేశారాయన. ఒక సగ పిల్లలు అతిథులు, పెళ్ళి సంబంధం కలిసే సగ వాళ్ళు ఆ ఇంటివాళ్ళు. దండారి అంటే ఒక ఊరు ఇంకొక ఊరికి చుట్టమై పోవడం గనక ఎవరు ఎవరికి ఏమవుతారో తెలియకుండా అడుగు వేయకూడదన్నారు.

తరువాత నోటితో దరువు చెప్పించారు. ఆ తరువాత తొడల మీద. డప్పు చేతికి వచ్చేసరికి అయిదో రోజు. ఆడపిల్లలు అతిథులకు నీళ్ళిచ్చి ఎదురొచ్చే ఘట్టం వాళ్ళే కట్టుకున్నారు. ఇంటివాళ్ళు చుట్టాల్ని ఆటపట్టించే చోట హాస్టల్ సాంబారు మీద, ఆగని బస్సు మీద గోండిలో సొంత మాటలు వేశారు. ఆయన నవ్వి ఉండనిచ్చారు. దండారి రాత్రుల్లో నవ్వించే ఆటలు ఎప్పుడూ ఉన్నవే కదా.

గొడవ వచ్చింది నెమలి పింఛాల టోపీ దగ్గర. అది దండారి నెల కాదు. గుస్సాడి అంటే దీక్ష. బూడిద పూసుకున్నవాడు ముగింపు దాకా స్నానం చేయడు, అతని మీద దేవుడుంటాడు. కాబట్టి టోపీ పెట్టనన్నారు. "కనకరాజు జనవరిలో ఢిల్లీలో పెట్టించాడు కదా" అని ఒక ఉపాధ్యాయుడు అడిగాడు. "ఆయన పెట్టించాడు, నేను పెట్టించను" అన్నారు. మా ఉద్దేశంలో ఇద్దరిదీ న్యాయమే. ఢిల్లీకి పోకపోతే గుస్సాడి అనే మాట మన కొండలు దాటేది కాదు, ఆ గౌరవం చూసి ఊళ్ళో కుర్రవాళ్ళు మళ్ళీ డప్పు పట్టేవాళ్ళూ కారు. అయితే రాజకీయ నాయకుల స్వాగతానికి రోడ్డు పక్క ఎండలో పింఛాలతో పిల్లల్ని నిలబెట్టడం చూసినప్పుడు, ఆ పెద్దాయన మొండితనం మాకు గుర్తొస్తుంది. మా పిల్లలు తువ్వాళ్ళ తలపాగాలతో ఆడారు.

ఎనిమిది నిమిషాలకు కూడా ఆయన ఒప్పుకోలేదు. "చుట్టం ఊళ్ళోకి వచ్చి ఎనిమిది నిమిషాల్లో వెళ్ళిపోతాడా?" అన్నారు. చివరకు వేదిక మీద అతిథుల రాక, ఎదురుకోలు మాత్రమే చూపించాం. పెద్దలు కార్లెక్కి వెళ్ళాక, తల్లిదండ్రుల ముందు మైదానంలో మొత్తం జరిగింది.

ఆయనకు డబ్బు ఇవ్వడానికి రిజిస్టర్‌లో గడి లేదు. కరెంటు మనిషికి ఉంది, రంగులు వేసేవాడికి ఉంది, పెప్రె నేర్పినవాడికి లేదు. మేం తలా కొంత వేసి ఇచ్చాం. చందాలతో ఇది ఎన్నాళ్ళో నడవదు. 2024 జూన్‌లో కోయ డోలు గురువు, పద్మశ్రీ సకిని రామచంద్రయ్య పోయారు. అదే అక్టోబర్‌లో కనకరాజు పోయారు. ఊళ్ళలో మిగిలిన పెప్రె వాద్యగాళ్ళను చేతి వేళ్ళ మీద లెక్కపెట్టగలం. వాళ్ళు కూలికి పోయే రోజున బడికి రమ్మనాలంటే ఆ రోజు కూలి ఇవ్వాలి, ఉపాధ్యాయుడి కుర్చీ వేయాలి.

రెండు వారాల్లో పెప్రె ఎవరికీ రాలేదు. ఊపిరి తెగకుండా ఊదడం అంత త్వరగా పట్టుబడేది కాదు. ఒక్క పిల్లవాడు మాత్రం వదల్లేదు, సెలవుల్లో ఆయన ఊరికి పోతున్నాడు. మరుసటి ఏడు పున్నమి ముందు అతనూ, ఇంకో ఆరుగురూ సెలవు అర్జీలు తెచ్చారు. ఎప్పుడూ జ్వరం అని రాసే చోట దండారి అని రాశారు. మేం సంతకం పెట్టాం.