ధాత కరువు నాటి కూలి – మన సభ్యుల ఆరోగ్యం లెక్క

పొదుపు, అప్పుల లెక్కలు ఈ నివేదికలో అందరూ రాసినారు. నన్ను ఆరోగ్యం గురించి రాయమన్నారు. నేను మన ప్రాంతం పాత సంగతి ఒకటి చెప్తాను.

చిన్నప్పుడు కంచంలో సంగటి వదిలేస్తే మా అవ్వ "ధాత కరువు చూసినోళ్ళకు తెలుసు దీని విలువ" అని తిట్టేది. ఆమె కూడా చూడలేదు, వాళ్ళ అవ్వ చెప్తే విన్నది. ధాత నామ సంవత్సరం, అంటే 1876లో వానలు పోయి వచ్చిన కరువది. 1878 దాకా ఉండింది. అప్పుడు ఆదోని తాలూకా బళ్ళారి జిల్లా కింద ఉండేది. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు కర్నూలులో కలిసింది. ఆ కరువుకు బాగా దెబ్బతిన్నవి బళ్ళారి, కర్నూలు జిల్లాలే.

సర్కారు కరువు పనులు పెట్టింది. 1877 మొదట్లో వైస్రాయి లిట్టన్ పంపిన రిచర్డ్ టెంపుల్ దొర కూలి తగ్గించినాడు. రోజంతా కష్టపడిన మగమనిషికి ఒక పౌను గింజలు, అంటే సుమారు 450 గ్రాములు, పైన ఒక అణా. ఆడమనిషికి ఇంకా తక్కువ. ఎక్కువ ఇస్తే జనం దానికే అలవాటు పడతారని ఆయన వాదన.

మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ దీన్ని ఒప్పుకోలేదు. పనిచేసే మనిషికి పౌనున్నర గింజలు, దాంతో పప్పు, కూరగాయలు ఉండాలన్నాడు. కూలీల ఒళ్ళు ఎట్ల చిక్కిపోతుందో, ఎంతమంది చచ్చిపోతున్నారో చూపించి వాదించినాడు. ఆ ఏడే మద్రాసు ప్రభుత్వం గింజలు పౌనుంపావుకు పెంచి కొంచెం పప్పు కలిపింది. అడిగినంత రాలేదు. లెక్క చూపినందుకు సగమన్నా వచ్చింది. అప్పటికే ఎంతోమంది పోయినారు. 1881 జనాభా లెక్కల్లో మన జిల్లాల జనం బాగా తగ్గిపోయింది.

ఇప్పుడు ఆ కరువు లేదు, రేషన్ బియ్యం ఉంది. అయినా ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి పల్లెల నుంచి మిరపకోతలకు గుంటూరు వైపు వలస పోవడం ఆగలేదు. మా సంఘం సభ్యురాలు ఒకామె పోయిన ఏడు సుగ్గి నుంచి వచ్చి మీటింగులోనే కళ్ళు తిరిగి పడింది. పరీక్ష చేయిస్తే రక్తం చాలా తక్కువ. ఆమె కట్టిన కంతులు మా పుస్తకంలో రూపాయితో సహా ఉన్నాయి. ఆమె ఆరోగ్యం గురించి ఒక్క ముక్క లేదు. పుస్తకం రాసేది నేనే. ఆ తప్పు నాదే.

అందుకే ఒక మాట అడుగుతున్నా. వలస పోయే ముందు, వచ్చినాక, ఆశా కార్యకర్త, ఏఎన్ఎం సాయంతో బరువు, రక్తం చూపించుకొని రాసుకుందాం. "నా రక్తం సంగతి నలుగురికీ ఎందుకు?" అని మా సంఘంలోనే ఒకక్క అడిగింది. న్యాయమే. ఇష్టమున్నోళ్ళవే రాద్దాం, ఎవరి కార్డు వాళ్ళ దగ్గరే ఉంచుదాం. పేర్లు లేకుండా మొత్తం లెక్క మాత్రం సమాఖ్యకు ఇద్దాం. రేపు ఆఫీసుల్లో మన కష్టం చెప్పుకోవాలంటే చేతిలో ఆ కాగితం ఉండాలి. ఆ పొద్దు మన అవ్వల లెక్క ఎవరో దొర రాసినాడు. ఈ పొద్దు మన లెక్క మనమే రాయొచ్చు. వచ్చే సర్వసభ్య సమావేశంలో దీన్ని తీర్మానం చేయాలని కోరుతున్నాను.