విరిస్తే పిండిలా విచ్చే దుంప కోసం

రాయలసీమలో గెనుసుగడ్డ, తెలంగాణలో రత్నపురిగడ్డ, కోస్తాలో చిలగడదుంప. పేరేదైనా శివరాత్రినాడు ఇంటిల్లిపాదీ చూసేది ఒక్కటే: ఉడికిన దుంపను విరిస్తే పిండిలా విచ్చిందా, నీళ్లోడిందా? తిరువనంతపురం శ్రీకార్యంలో 1963లో పుట్టి, అరవై ఏళ్లు నిండిన కేంద్ర దుంప పంటల పరిశోధన సంస్థకు అసలు పరీక్ష కూడా ఇదేనని నా నమ్మకం.

మన సామర్లకోట, పెద్దాపురం సగ్గుబియ్యం మిల్లుల వాళ్లు ఈ సంస్థ పేరు వినగానే కర్రపెండలాన్ని తలుచుకుంటారు. చిలగడదుంప మీద పని కూడా పక్కనే సాగింది. 1971లో హెచ్-41, హెచ్-42 సంకరాలు వచ్చాయి. 1976లో భువనేశ్వర్‌లో ప్రాంతీయ కేంద్రం పెట్టారు. చిలగడదుంప సాగులో దేశంలో ముందున్నది ఒడిశాయే మరి.

సంకరం పుట్టేది పూవులోనే. చిలగడదుంప పూవు తూటిపూవుకు చెల్లెలు. తెల్లవారుతూ విచ్చి, ఎండ ముదిరేలోపు వాడిపోతుంది. అందుకని ముందురోజు సాయంత్రమే మొగ్గ కొస కట్టేస్తారు, పురుగులు చొరబడకుండా. పొద్దున్నే కట్టు విప్పి, మరో రకం పుప్పొడి అద్ది, మళ్లీ మూస్తారు. తన పుప్పొడితో తాను కాయ కట్టదు. కొన్ని రకాలకు ఒకదానితో ఒకటి కూడా పొసగదు. కాయ నిలిచినా గింజలు మహా అయితే నాలుగు. పెంకు గీరితే గానీ అవి సరిగా మొలవవు. ఒకే కాయలోని నాలుగు గింజలూ నాలుగు తీర్ల మొక్కలవుతాయి. వాటిలో నచ్చిన మొక్క ఒక్కటి దొరికితే చాలు, ఆపైన గింజతో పనిలేదు, తీగ ముక్కలు బోదెల మీద నాటుకోవడమే. రకం పేరు ఊరూరా తెలుస్తుంది. చీకటితో పొలానికి వెళ్లి మొగ్గలు విప్పిన చేతులెవరివో ఎవరికీ తెలియదు. ముందుగా తలుచుకోవలసింది వాళ్లనే.

నారింజ రంగు కండలో బీటా కెరోటిన్ ఉంటుంది, విటమిన్ ఎ చాలని పిల్లలకు అది మేలు. చిక్కేమిటంటే, చాలా రకాల్లో రంగు పెరిగేకొద్దీ పిండి తగ్గి దుంప నీరు పడుతుంది. బిడ్డ ఉమ్మేసే దుంపలో ఎంత పోషకముంటే ఏం లాభం? 2017 నాటి 'భూ సోనా' రకాన్ని నేను మెచ్చుకునేది ఇందుకే. వంద గ్రాములకు సుమారు 14 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ ఉండి కూడా, పొడి పదార్థం 27 శాతానికి తగ్గలేదు. దాని జోడీ 'భూ కృష్ణ'ది ఊదా కండ.

ముక్కుపురుగును పూర్తిగా తట్టుకునే రకం మాత్రం ఇంకా చేతికందలేదు. అది ఓ మూల తొలిచినా దుంప చేదెక్కుతుంది. అందాకా రైతు పురుగులేని తీగ కొసలు ఏరి నాటాలి, లింగాకర్షక బుట్టలు పెట్టాలి, నెల తిరిగేసరికి మట్టి ఎగదోసి బోదె పగుళ్లు కప్పుకోవాలి.