చాందా సీమ వృక్షతైలములు: నలుగు నుండి సబ్బు వరకు

రాజుల జయాపజయములు చరిత్రయని అందరును అంగీకరింతురు. ప్రజలు తలంటుకొనుట, ఒంటికి నూనె పూసుకొనుట, బట్టలుతుకుకొనుట కూడ చరిత్రయే. ఇట్టి విషయములు శాసనములకెక్కుట అరుదు. అవి మాటలలో నిలిచియుండును. మా తెలుగు పాఠశాలలో ఒకనాడు 'ఇప్ప' యనగానేమని అడిగితిని. పిల్లలు మాటాడలేదు. 'మోహ' యనినంతనే అందరి చేతులును లేచినవి. వారు చెట్టునెరుగుదురు, దాని తెలుగు పేరునెరుగరు. ఆనాటి ఆ మౌనమే ఈ వ్యాసమునకు మూలము.

చంద్రపూరును మన పెద్దలు చాందా యని పిలిచెడివారు. ఈ సీమలోని తెలుగువారందరును బొగ్గు గనుల కొరకో, బల్లార్పూరు కాగితపు మిల్లు కొరకో వచ్చినవారు కారు. ప్రాణహిత గోదావరిలో కలియుచోట గల సిరొంచ ప్రాంతము 1860లో నిజాము నుండి ఆంగ్లేయులకు సంక్రమించి, 1874లో చాందా జిల్లాలో చేరినది. రాజురా తాలూకా 1956 వరకు హైదరాబాదు రాష్ట్రపు ఆదిలాబాదు జిల్లాలో నుండెను. ఎల్లలు ఎన్నిమార్లు మారినను, ఇరువైపుల చెట్లు అవియే, వాటి గింజలనేరిన చేతులును అట్టివే.

ముందుగా పదములను పరిశీలింతము. తైలమను సంస్కృత పదము తిల శబ్దము నుండి పుట్టినది. మన 'నూనె' కూడ నువ్వుల నేయియే. అనగా నూనెలన్నింటికిని నువ్వుల నూనెయే పేరు పెట్టినదన్నమాట. తెలుగున గానుగ, మరాఠీలో ఘాణా. తెలుగున తెలికి, మరాఠీలో తేలీ. రాజరాజ చోడగంగుని టేకి శాసనము (క్రీ. శ. 1086-87) తెలికి కుటుంబములవారికి పెండ్లిలో గుర్రమునెక్కి ఊరేగు గౌరవమును ప్రసాదించినది. ఆ పేరు అంత ప్రాచీనమైనది.

ఈ సీమ తైలములను రెండు తెగలుగ విభజింపవచ్చును. నువ్వులు, అవిసె, ఆముదము పొలము పంటలు. ఇప్ప, వేప, కానుగ చెట్ల గింజలు. వీనిలో ఇప్పది ప్రత్యేక స్థానము. ఇప్పపూవు వేసవి ఆరంభమున రాలును, కాయ తొలకరి వేళకు పండును. గానుగ లేని పల్లెలయందు గింజలను దంచి, ఆవిరిపై ఉడికించి, రెండు దిమ్మల నడుమ నొక్కి నూనె తీయు పద్ధతి మధ్య భారతపు అడవులలో వాడుకలో నుండెను. ఈ నూనె చలికాలమున నేయివలె పేరుకొనును. పామిటిక్, స్టియరిక్ ఆమ్లములు అందు దాదాపు సగపాలు ఉండుటయే దీనికి కారణము. కనుకనే అది పగిలిన మడమలకు పూతగను, వంటకును, దీపమునకును ఉపయోగపడినది. గట్టి సబ్బు చేయుటకును అనువైనది.

ఇచ్చట ఒక ప్రశ్న పుట్టుచున్నది. మనవారికి నూనెయు ఉండెను, క్షారమును ఉండెను. చాకలివారు వాడిన చౌడుమన్నులో సోడా కలదు. కట్టెల బూడిదలో పొటాష్ కలదు. నూనె క్షారముతో చేరి ఉడికినపుడు సబ్బును, గ్లిసరినును ఏర్పడును. నూనెలయొక్కయు క్రొవ్వులయొక్కయు ఈ తత్త్వమును ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు షెవ్రూల్ 1823లో వెలువరించిన గ్రంథమున వివరించెను. అట్లయిన మన ఇండ్లలో సబ్బు వాడుక ఏల పుట్టలేదు? అజ్ఞానమే కారణమని కొందరందురు. నాకు అట్లు తోచదు. ఆ అవసరము కలుగలేదనియే నా అభిప్రాయము. క్షారము బట్టకు, నూనె ఒంటికి. ఒంటి నూనెను తీయుటకు పెసరపిండి, సెనగపిండి. తలకు కుంకుడు, సీకాయ. కుంకుడులోని సపోనినులు నురుగునిచ్చును గాని, చౌడువలె చర్మమును కొరుకు క్షారములు కావు. పిండి జిడ్డును తీసియు కొంత నూనెను ఒంటిపై మిగుల్చును. వాగ్భటుని అష్టాంగహృదయము దినచర్యలో అభ్యంగమును, ఉద్వర్తనమును, స్నానమును చెప్పినది. ఆ ఉద్వర్తనమే మన నలుగు, మరాఠీవారి ఉటణే. నరక చతుర్దశి తెల్లవారుజామున రెండు భాషల ఇండ్లలోను ఆచారమొక్కటే.

1888లో సన్‌లైట్ సబ్బు పెట్టెలు కలకత్తా రేవున దిగినవి. విదేశపు సబ్బులలో జంతువుల క్రొవ్వుండునని ఆచారపరులు శంకించిరి. స్వదేశోద్యమము పిమ్మట ఆ శంకకు సమాధానముగ వృక్షతైలముల సబ్బులు వచ్చినవి. మొదటి ప్రపంచ యుద్ధము ముగియు కాలమున గోద్రెజ్‌వారు అట్టి సబ్బును చేసిరి. కలకత్తా కెమికల్ కంపెనీవారు 1920లో వేపనూనెతో మార్గో సబ్బును తెచ్చిరి. మనకు సమీపమున, వార్ధాలో, 1934లో గాంధీమహాత్ముని ప్రేరణచే అఖిల భారత గ్రామోద్యోగ సంఘము వెలసినది. జె. సి. కుమారప్ప గారు దానికి కార్యదర్శి. అచ్చటి మగన్‌వాడిలో ఎద్దుగానుగను మెరుగుపరచు కృషి జరిగినది. 1957లో ఏర్పడిన ఖాదీ గ్రామోద్యోగ కమిషను వంటకు పనికిరాని నూనెలతో సబ్బు చేయుటను గ్రామ పరిశ్రమగ ప్రోత్సహించినది. తినదగిన నూనె తిండికి మిగులవలెను, వేప కానుగల నూనె సబ్బునకు పోవలెను అను ఆలోచన మిక్కిలి సమంజసమైనది.

కాని గింజనేరినవారి మాటయేమి? అడవి ప్రభుత్వపు సొత్తయినపుడు వారు తమ చెట్టు క్రిందనే పరాయివారైరి. 2006 నాటి అటవీహక్కుల చట్టము చిన్నతరహా అటవీ ఫలసాయముపై వారి స్వామ్యమును గుర్తించినది. 1982లో చంద్రపూర్ నుండి విడివడిన గడ్చిరోలి జిల్లాలోని మెండా-లేఖా గ్రామము 2009లో సామూహిక అటవీహక్కును పొందినది. దేశమున అట్టి హక్కును మొదట పొందిన గ్రామములలో అది ఒకటి.

గింజపై హక్కును చట్టము ఇయ్యగలదు. మాటను మాత్రము మనమే నిలుపుకొనవలెను. నాటి పాఠము పిమ్మట పిల్లలను ఇండ్లలో అడిగి రమ్మంటిని. ఒక బాలిక తన అవ్వ చెప్పగా నలుగుపిండిలో కలుపు దినుసుల పేర్లను వ్రాసికొని వచ్చినది. అందు రెండు మాటలు తెలుగు పంతులునైన నాకే తెలియవు. ఆ అవ్వ లేనినాడు అవి ఏ నిఘంటువులో దొరకును? కావున సభ్యులెల్లరును తమ ఇంటి పెద్దల నుండి నూనెల పేర్లను, గానుగ భాగముల పేర్లను, నలుగు దినుసుల పేర్లను వ్రాసి ఉంచవలెనని ప్రార్థించుచున్నాను. ఈ సీమ తెలుగువారి చరిత్రకు అంతకంటె నమ్మదగిన ఆధారము వేరొకటి లేదు.